వగరు, నంజుడు

మనకు రుచులు ఆరు. వాటిలో అయిదింటికి వంటింట్లో పీటలు వేశాం. తీపి లేకుండా పండగ లేదు, పులుపు లేకుండా చారు లేదు, ఉప్పూ కారం సరేసరి. చేదుక్కూడా కాకరకాయ పుణ్యమా అని విస్తట్లో ఓ మూల చోటు దొరికింది. ఆరోదైన వగరునే పరాయిదాన్ని చేశాం. అరటిపువ్వు తరిగితే వగరు పోవాలని మజ్జిగలో నానేస్తాం. నేరేడుపండు నాలుకను పట్టేస్తే ఉప్పు అద్దుకుంటాం. ఉగాది పచ్చడిలో వగరు వంతును మామిడికాయ చెక్కుతో సరిపెట్టి, మిగతా ఏడాదంతా దాని ఊసెత్తం. నేనూ నలభై ఏళ్ళు అలాగే తిన్నాను. వగరంటే పచ్చితనం, ఇంకా పండకపోవడం అనే అనుకున్నాను. ఆ రుచిని ఎనిమిది వందల ఏళ్ళకు పైగా రాళ్ళమీద సాకుతున్న ఊళ్ళు ఉన్నాయని స్పెయిన్ వెళ్ళాకే తెలిసింది.

ఆ ఊళ్ళున్న సీమ పేరు ప్రియోరాట్. స్పెయిన్ ఈశాన్యాన కటలోనియాలో, తరగోనా జిల్లా కొండల మధ్య ఉంటుంది. అక్కడ పండే ఎర్ర వైన్‌కి ప్రపంచమంతటా పేరుంది. రంగు నేరేడు రసం, బలం నూటికి పద్నాలుగున్నర, పదిహేను పాళ్ళ ఆల్కహాలు. పదమూడున్నరకు తగ్గితే ఆ పేరు పెట్టుకోవడానికే వీల్లేదు.

దాన్ని నేను మొదట తప్పుగా తాగాను. బార్సిలోనాలో ఉద్యోగం చేస్తున్న రోజులు. ఓ శనివారం రాత్రి తెలుగువాళ్ళం అయిదారుగురం కలిశాం. ఒకాయన ఎంతో ఖరీదు పెట్టి ఆ సీసా తెచ్చాడు. ఇంటినుంచి వచ్చిన గుంటూరు కారం దట్టించి కోడి వేపుడు చేశాం, పక్కన మిరపకాయ బజ్జీలు. బజ్జీ కొరికి ఒక గుక్క తాగేసరికి నోరు భగ్గుమంది. ఆ వెనకే చిగుళ్ళు ఎండిపోయి, నాలుక పచ్చి వక్క నమిలినట్టు బిగుసుకుంది. మరో గుక్కతో మంట రెట్టింపైంది. సీసా సగంలోనే మూత పెట్టేశాం.

సోమవారం ఆఫీసులో ఆ సంగతి నా పక్క సీటు కటలన్ మిత్రుడికి చెప్పాను. ఆయన వైన్ గురించి ఏమీ మాట్లాడలేదు. "దాంతో ఏం తిన్నారు?" అని మాత్రం అడిగాడు. నేను చెప్పింది విని కాసేపు ఊరుకుని, నవంబరులో వాళ్ళ మేనమామ ఊరికి రమ్మన్నాడు.

ఆయన అడిగిన ఆ ప్రశ్న తర్వాత చాలా రోజులు నాతోనే ఉంది. మన దగ్గర మందు కొట్టడం ఒక పని, అన్నం తినడం వేరే పని. మందు ముందు, అన్నం తర్వాత, ఒక్కోసారి అన్నం ఊసే ఉండదు. తాగేటప్పుడు పల్లీలో, ఉల్లిపాయ ముక్కలో, వేపుడో దగ్గర పెట్టుకుంటాం. అంటే మందుకు తిండిని నంజుకుంటాం. వాళ్ళ బల్ల దగ్గర ఇది తిరగబడుతుంది. అక్కడ అసలు భోజనం తిండే, వైన్ దానికి నంజుడు. ముద్దపప్పుకి ఆవకాయ ఎలాగో, పెరుగన్నానికి మాగాయ ఎలాగో, కాల్చిన మాంసానికి ఆ వైన్ అలాగ. ఆవకాయ ఒక్కటే గరిటెడు నోట్లో వేసుకుని ఇదేం రుచి అనేవాణ్ణి ఏమంటాం? ఆ శనివారం రాత్రి మేం చేసింది అదే. నంజుకోవడమనే ఇంత చక్కటి మాట మనకుంది. ఒక ముద్ద, ఒక కొరుకు, మళ్ళీ ముద్ద. ఏది ఎంత అన్నది నాలుకే చూసుకుంటుంది. తిండికీ వైన్‌కీ పొత్తు కుదర్చడంలో ఇంతకన్నా పెద్ద శాస్త్రమేమీ లేదని నా నమ్మకం.

నవంబరులో వెళ్ళాం. బార్సిలోనా నుంచి కారులో రెండు గంటల దారి. ఫల్సెత్ అనే చిన్న పట్నం దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కొండల్లోకి దిగుతుంది. ఉత్తరాన మోంట్‌సాంత్ పర్వతం కోటగోడలా నిలబడి ఉంటుంది. దాని కిందంతా నల్లటి కొండవాలులు, వాటిమీద అక్కడొకటి అక్కడొకటి మరుగుజ్జు చెట్లలాగా ద్రాక్ష మొక్కలు. పందిరి లేదు, తీగ పాకడానికి ఆధారం లేదు. మోకాలెత్తు మోడు, దాని నుంచి నాలుగు కొమ్మలు, ఎర్రబారిన ఆకులు. హైదరాబాద్ శివార్లలో అనాబేషాహీ పందిళ్ళ కింద నడిచిన రోజులు నాకు గుర్తున్నాయి. తలకు తగిలేలా వేలాడే గుత్తులు, చేలో నీటి తడి, నోట్లో వేసుకుంటే నీళ్ళూరే పండు. ఇక్కడ ముసలి మొక్క ఒక్కోటి ఏడాదికి కిలో పండు కూడా ఇవ్వదు. గింజ కంది గింజకు పెద్దన్నలా ఉంటుంది, దానిలో తోలు పాలు ఎక్కువ, రసం తక్కువ. వగరంతా తోలులో, విత్తులో ఉండేది. రసం తగ్గి తోలు ఎక్కువైతే వైన్‌లోకి దిగే వగరు పెరగక ఏమవుతుంది?

మేనమామగారికి డెబ్బై దాటి ఉంటాయి. మమ్మల్ని చేలోకి తీసుకెళ్ళి, కాలికింద రాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. అరచేయంత పలక. అంచు కత్తిలా ఉంది. ఒకవైపు నల్లగా, ఇంకోవైపు తుప్పు రంగు, మధ్యలో అభ్రకం మెరుపు. ఎండలో ఉండి వెచ్చగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని కాస్త ఒత్తితే పొరలుగా విడిపోయింది. ఆయన దాన్ని లికొరెల్యా అన్నారు. నాకు మాత్రం నోటికి మార్కాపురం పలక అనే వచ్చింది. మా చిన్నప్పుడు చెక్క చట్రంలో బిగించి ఇచ్చిన పలక, బలపంతో ఓనమాలు దిద్దిన పలక, తడిగుడ్డతో తుడిస్తే ఒక చల్లటి వాసన వచ్చే పలక. రెండూ పలకరాయే. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, భూమి ఒత్తిడికి పొరలు పొరలుగా గట్టిపడి అలా అయింది. ప్రియోరాట్ రాయి వయసు ముప్పై కోట్ల ఏళ్ళ మాట. మన మార్కాపురం పలక దానికి తాతలకు తాత, వందకోట్ల ఏళ్ళ పైమాట.

ఆ రాతిలో మట్టి చారెడు కూడా లేదు. వాన పడితే నిలవదు, పగుళ్ళలోంచి కిందికి జారిపోతుంది. ద్రాక్ష వేరు ఆ నీటి వెంటబడి, పలకకీ పలకకీ మధ్య సందుల్లో దూరి ఎన్నో మీటర్ల లోతుకి పోతుంది. ఏడాదికి పడే వాన 400 నుంచి 600 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురం లెక్క. పగలు నల్లరాయి ఎండను తాగుతుంది, రాత్రి మోంట్‌సాంత్ వైపు నుంచి చల్లగాలి దిగుతుంది. పగటి వేడికి పండులో చక్కెర పెరిగితే, రాత్రి చలి దాని పులుపును కాపాడుతుంది. ఈ వైన్‌కి తడిరాతి వాసన ఉంటుందని తాగినవాళ్ళు చెబుతారు. నాకూ ఆ పలక వాసనే తోచింది. రాతిలోని ఖనిజం నేరుగా గ్లాసులోకి ఎక్కి రుచిగా మారదని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. వాళ్ళ మాట నిజమే. రాయి తన రుచిని ఇవ్వదు, మొక్కకు నీళ్ళు ఇవ్వదు, తిండి ఇవ్వదు. ఆ ఇవ్వకపోవడమే గ్లాసులో చిక్కదనంగా తేలుతుందని నాకనిపిస్తుంది.

ఇక్కడ ద్రాక్షను సాగుకి తెచ్చింది మౌన సన్యాసులు. మోంట్‌సాంత్ పాదాల దగ్గర ఓ గొర్రెలకాపరికి చెట్టుమీంచి ఆకాశానికి నిచ్చెన, దానిమీద ఎక్కుతూ దేవదూతలు కనిపించారని ఐతిహ్యం. కార్తూజియన్ సన్యాసులు 1194లో అక్కడ మఠం కట్టి దానికి స్కాలా దేయి, దేవుడి మెట్లు, అని పేరు పెట్టారు. మఠాధిపతిని ప్రయర్ అంటారు, ఆయన ఏలుబడిలో ఉన్న సీమ ప్రియోరాట్ అయింది. ఆరు వందల ఏళ్ళకు పైగా నడిచిన ఆ మఠాన్ని 1835లో ప్రభుత్వం మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు దోచుకుని తగలబెట్టారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు వచ్చి వేళ్ళన్నీ తినేసింది. తోటలు ఎండిపోయాయి. కుర్రాళ్ళు బార్సిలోనా మిల్లులకు వలసపోయారు. ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మన రాయలసీమ, పాలమూరు పల్లెల కథ తెలిసినవాళ్ళకు ఇక్కడ విడమరిచి చెప్పాల్సింది ఏమీ లేదు.

తిరిగి లేచింది ఈమధ్యనే. రెనే బార్బియే అనే వైన్ తయారీదారు ముందుగా వచ్చి గ్రతల్యోప్స్ అనే ఊళ్ళో భూమి కొన్నాడు. ఆయన వెంట అల్వారో పలాసియోస్, కార్లెస్ పాస్త్రానా, జోసెప్ లూయిస్ పెరెస్, దాఫ్నె గ్లోరియన్ కలిశారు. 1989 పంటను అందరూ కలిపి ఒక్కచోటే వైన్ చేసి, అయిదు పేర్లతో అయిదు సీసాల్లో అమ్మారు. విడివిడిగా ఎవరికీ స్తోమత లేక చేసిన ఉమ్మడి సేద్యం అది. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. పలాసియోస్ నిట్టనిలువు వాలు మీద, ముసలి గర్నాచా మొక్కల తోట నుంచి 1993లో తీసిన లెర్మితా స్పెయిన్‌లోకెల్లా ఖరీదైన వైన్లలో ఒకటయింది. స్పెయిన్‌లో వైన్‌కి ఇచ్చే అత్యున్నత హోదా 1991లో రియోహాకి వస్తే, రెండోసారి దక్కింది ఈ రాళ్ళకే. కటలోనియా ప్రభుత్వం 2000లో ఇచ్చింది, స్పెయిన్ 2009లో ముద్ర వేసింది. ఆ లేబుళ్ళ ఖరీదు గురించి నాకు పెద్ద ఆసక్తి లేదు. తాళాలు పడిన ఇళ్ళు కొన్ని తెరుచుకున్నాయన్నదే నాకు ముఖ్యం.

ఈ వైన్‌కి ప్రాణం పోసే పళ్ళు రెండు, గర్నాచా, కారిన్యేనా. మేనమామగారు చేత్తో చూపిస్తూ చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. గర్నాచా ఎండకు సంతోషించే పండు, చక్కెర ఎక్కువ, తోలు పల్చన, మనసు మెత్తన. అది ఒక్కటే అయితే వైన్ తియ్యటి వాసనతో వదులుగా ఉంటుంది. కారిన్యేనా మొండిఘటం. రంగు, పులుపు, వగరు అన్నీ దానివే. దాన్ని చాలా చోట్ల చవకబారు పండుగా పీకేశారు. ఇక్కడ పీకే ఓపికా డబ్బూ లేక వదిలేసిన మొక్కలు ముసలివై, ఈ రాళ్ళలో వేళ్ళు దింపి, ఇవాళ ఆ వైన్‌కి వెన్నెముకయ్యాయి. కబెర్నే, సిరా లాంటి ఫ్రెంచి పళ్ళనూ కొందరు కలుపుతారు. నాకు ఈ పాత ఇద్దరి కాపురమే ఇష్టం.

మధ్యాహ్నం భోజనానికి పెరట్లో నిప్పు వేశారు. చలికాలం కత్తిరించి ఎండబెట్టిన ద్రాక్ష పుల్లలే వంటచెరకు. నిప్పు మీద గొర్రెపిల్ల పక్కటెముకల ముక్కలు, కొవ్వుతో సహా. ఉప్పు తప్ప ఇంకేమీ పూయలేదు. ఈలోగా రొట్టె ముక్కలు కాల్చి, వెల్లుల్లి రుద్ది, పండిన టమాటా సగానికి కోసి రొట్టెమీద అరగదీసి, పైన సియురానా ఆలివ్ నూనె ధారగా పోశారు. వైన్‌ని గంట ముందే వెడల్పు కూజాలోకి వంచి గాలికి పెట్టారు. నేను గ్లాసు ఎత్తబోతే మిత్రుడు ఆపాడు. "ముందు మాంసం," అన్నాడు.

ముక్క కొరికాను. పొగ వాసన, ఉప్పు, వేడికి కరిగి నాలుకమీద పూతలా పరుచుకున్న కొవ్వు. నాలుగుసార్లు నమిలి, మింగేలోపు ఒక చిన్న గుక్క తీసుకున్నాను. మొన్నటి ఆ వగరు మళ్ళీ వచ్చింది, కానీ నాలుకను పట్టుకోలేదు, కొవ్వును పట్టుకుంది. మాంసంలో అంతవరకు తెలియని తీపి పైకి తేలింది. వైన్‌లో అంతవరకు దాక్కున్న నల్లటి పండ్ల వాసన, ఎండిన మూలికల వాసన, ఆ వెనక తడి పలక వాసన ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకున్నాయి. నోరు శుభ్రంగా ఉంది. ఇంకో ముక్క తినాలనిపించింది. ఆ ముక్క తర్వాత ఇంకో గుక్క. నంజుకోవడం అంటే ఇదే కదా అని ఆ పెరట్లో కూర్చుని అనుకున్నాను. మా కోస్తా పల్లెల్లో మాంసాన్ని నంజుడు అంటారన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

దీని వెనక కిటుకు తెలిసిందే. వగరునిచ్చే టానిన్ మన లాలాజలంలోని మాంసకృత్తులకు అతుక్కుంటుంది. లాలాజలం జారుడు పోయి నోరు ఎండినట్టవుతుంది. కొరికిన ముక్కలో మాంసకృత్తులూ కొవ్వూ ఉంటే టానిన్ వాటిని పట్టుకుని, నోటిని వదిలేస్తుంది. మనవాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు. నేతి వంటలతో పెళ్ళిభోజనం అయ్యాక చేతిలో పెట్టే తాంబూలంలో వక్క ఎందుకు? నోట్లో మిగిలిన నేతి జిడ్డును వక్క వగరు తుడిచేస్తుంది. వగరును మనం పరాయిదాన్ని చేశామని మొదట్లో రాశాను. ఆ మాట కాస్త సవరించుకోవాలి. మనం దాన్ని విస్తరి ఎత్తాక పిలిచాం, వాళ్ళు విస్తరి వేసినప్పుడే కూర్చోబెట్టారు.

మరి మా కోడి వేపుడుతో ఎందుకు పొసగలేదు? వేపుడులో నూనె ఉంది, మాంసం ఉంది. చెడగొట్టింది మిరపకాయ. కారం తాకే నరాల కొసలనే ఆల్కహాలూ తాకుతుంది. పదిహేను పాళ్ళ ఆల్కహాలు మిరప మంటకు నెయ్యి పోసినట్టు పనిచేస్తుంది, వగరు ఆ మంటకు గరుకుదనం చేరుస్తుంది. విచిత్రమేమంటే మిరపకాయ పాత ప్రపంచానికి వచ్చిన దారి స్పెయినే. 1493లో కొలంబస్ మొదటి యాత్ర నుంచి తిరిగొచ్చినప్పుడు అమెరికా మిరపను వెంట తెచ్చాడు. తర్వాత పోర్చుగీసుల ఓడల్లో మన తీరానికి చేరింది. మన చేతిలో అది గుంటూరు మిరప అయింది. ప్రియోరాట్ చుట్టుపక్కల అది న్యోరాగా మిగిలింది. గుండ్రటి, ఎండిన, ఎర్రటి మిరప, రంగూ తీపి వాసనే తప్ప కారం లేదు. దాన్ని నానబెట్టి గుజ్జు గీకి, వేయించిన బాదం, హేజల్‌నట్, కాల్చిన టమాటా, వెల్లుల్లి, నూనె, కాస్త వెనిగర్‌తో నూరితే రొమెస్కో. చలికాలంలో కల్సోత్ అనే పొడవాటి ఉల్లికాడల్ని మంటమీద నల్లగా కాల్చి, తోలు ఒలిచి అందులో ముంచుకు తింటారు. రోట్లో నూరిన పల్లీ పచ్చడిలో కారం తీసేస్తే ఎలా ఉంటుందో ఇంచుమించు అలాగే ఉంటుంది. ఆ గింజల జిడ్డు కూడా ఈ వగరుకు మెత్తటి పరుపే.

తిరిగొచ్చాక మన వంటలతో చాలాసార్లు చూశాను. గోంగూర మాంసం కుదరలేదు. గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడింది, కారం ముందు మండింది. చేపల పులుసుకూ దీనికీ అసలు పడదు. చేపనూనె, ఈ ఎర్ర వైన్ కలిస్తే నోట్లో ఇనప రుచి వస్తుంది. హైదరాబాదీ పత్థర్ కా గోష్త్ అద్భుతంగా కుదిరింది. వేడి గ్రానైట్ బండమీద కాలిన మాంసం, మసాలా ఘాటే గాని కారం మితం. మిరియాలు, ధనియాలు వేసి నెయ్యిలో మగ్గబెట్టిన వేటమాంసం వేపుడు కూడా బాగుంది. మాంసం తిననివాళ్ళకు నేను చెప్పేది వంకాయ. కటలన్‌లు వంకాయనూ తీపి మిరపనూ నిప్పుమీద కాల్చి, చీల్చి, ఆలివ్ నూనెలో ఊరేసే ఎస్కలివాదాకూ, మనం కుంపటిమీద కాల్చి చేసే వంకాయ పచ్చడికీ వాసన ఒక్కటే. చింతపండు తగ్గించి, నువ్వులు, పల్లీలు నూరి కూరిన గుత్తివంకాయ అయితే ఇంకా మంచిది.

2021 నుంచి 2024 దాకా కటలోనియాలో ఎన్నడూ ఎరగని కరువు వచ్చింది. ఎంత లోతుకి వేళ్ళు దింపిన ముసలి మొక్కలైనా కొన్ని నిలవలేకపోయాయి. మిత్రుడు పంపిన ఫోటోలో మేనమామగారి చేలో నాలుగు వరసలు బూడిదరంగు మోళ్ళు కనిపించాయి. ఆయన ఆ చోట మళ్ళీ గర్నాచానే నాటారట. ఆ మొక్కల నుంచి చెప్పుకోదగ్గ వైన్ రావడానికి పాతికేళ్ళయినా పడుతుందని ఆయనకు తెలుసు. ఆరోజు నా చేతిలో పెట్టిన పలక ముక్క ఇవాళ నా రాతబల్ల మీద ఉంది. అప్పుడప్పుడు తడిచేత్తో తుడిచి వాసన చూస్తాను.

ఎప్పుడైనా ఆ సీసా ఒకటి మీ ఇంటికి వస్తే, మన ఎండలకు అది వేడెక్కి ఉంటుంది గనక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. గంట ముందు కూజాలోకి వంచండి. మనిషికి ఒక చిన్న గ్లాసు చాలు, అన్నం ముందు కూర్చున్నాకే పోసుకోండి. ఆ పూటకి మాత్రం కూరలో కారం సగానికి తగ్గించండి, నెయ్యి తగ్గించకండి.